ఇన్‌స్టాల్ చేయకముందే విండోస్‌ను మనకు కావలసినట్టు మార్చుకోవడం: డ్రైవర్లు, యాప్‌లు, సెట్టింగులు

ల్యాబ్‌సహాయకి

అందరికీ నమస్కారం. నేను ఒక కంప్యూటర్ శిక్షణ ల్యాబ్ చూసుకుంటాను. మెషీన్లన్నీ ఒకే మోడల్. విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి అన్నిటిలోనూ విండోస్ 11 కొత్తగా వేస్తున్నాం.

పని మొదలుపెట్టగానే కొన్ని ఇబ్బందులు వచ్చాయి. విండోస్ ఎక్కడ వేయాలో ఎంచుకునే పేజీలో ఎన్‌వీఎంఈ డిస్క్ (వేగమైన కొత్త రకం ఎస్‌ఎస్‌డీ) అసలు కనిపించడం లేదు. ఇంకో పెన్‌డ్రైవ్ పెట్టి "లోడ్ డ్రైవర్" నొక్కి డ్రైవర్ చూపిస్తేనే కనిపిస్తోంది. మా దగ్గర ప్రో లైసెన్సులు ఉన్నాయి, కానీ సెటప్ ఎడిషన్ అడగకుండానే హోమ్ వేసేస్తోంది. అంతా అయ్యాక గేమ్స్, వార్తలు లాంటి యాప్‌లు తీసేయాలి, కీబోర్డు, టైమ్ జోన్ సరిచేయాలి, లోకల్ అకౌంట్ తయారు చేయాలి. ఒక్క మెషీన్‌కైతే పరవాలేదు. వరుసగా అన్నిటికీ ఇదే చేయాలంటే టెన్షన్‌గా ఉంది.

ఇవన్నీ ఐఎస్‌ఓలోనే, అంటే ఇన్‌స్టాల్ ఫైళ్లన్నీ ఒకటిగా ఉండే ఫైల్‌లోనే, ముందుగా పెట్టేయవచ్చని విన్నాను. తెలిసినవాళ్లు ఒకరు మాత్రం "నెట్‌లో తేలికపాటి విండోస్ ఐఎస్‌ఓలు రెడీగా ఉంటాయి, ఒకటి దించుకుని వేసేయండి" అన్నారు. అలా చేయవచ్చా? లేక నేనే తయారు చేసుకోవాలా? ఇన్‌స్టాల్ చేసే సమయంలో ల్యాబ్‌లో నెట్ ఉండదు, అది దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

బూట్‌మెనూ

రెడీమేడ్ ఐఎస్‌ఓ వద్దండి. ఏమేం తీసేశారో దాని పేజీలో గొప్పగా రాస్తారు. ఏం కలిపారో తెలుసుకునే దారి మనకు లేదు. సిస్టమ్ ఫైళ్లలోనే ఏదైనా దూర్చి ఉంటే, ఆ సిస్టమ్ మీదే నడిచే యాంటీవైరస్ చెప్పే మాటను నమ్మలేం. పైగా విద్యార్థులు తమ మెయిల్, పాస్‌వర్డ్‌లు వాడే మెషీన్లు అవి.

మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే అసలు ఐఎస్‌ఓ దించుకోండి. డౌన్‌లోడ్ పేజీలో ఒక్కో భాషకూ ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైల్‌కి వేలిముద్ర లాంటి కోడ్) ఇస్తారు. విండోస్‌లోని పవర్‌షెల్ కమాండ్ కిటికీలో గెట్-ఫైల్‌హ్యాష్ కొట్టి రెండూ ఒకటేనా అని సరిచూసుకోండి. మార్పులు దాని మీద మీరే చేసుకోండి. మీరు మార్చిన ఐఎస్‌ఓ మీ ల్యాబ్ వరకే. దాన్ని బయట పంచడానికి లైసెన్సు ఒప్పుకోదు.

పాతడిస్క్

ఈ పని విండోస్‌కి కొత్తేమీ కాదు. ఎక్స్‌పీ రోజుల్లో సాటా డిస్కులు వచ్చినప్పుడు సరిగ్గా ఇదే బాధ. సెటప్ మొదట్లో ఎఫ్6 నొక్కి, డ్రైవర్‌ను ఫ్లాపీలో ఇవ్వాలి. ఫ్లాపీ డ్రైవ్ లేని మెషీన్లు అప్పటికే వచ్చేశాయి. అందుకే చాలామంది ఎన్‌లైట్ అనే టూల్‌తో డ్రైవర్లను సీడీలోకే కలుపుకునేవాళ్లం. 2004లో సర్వీస్ ప్యాక్ 2, 2008లో సర్వీస్ ప్యాక్ 3 వచ్చినప్పుడు వాటినీ పాత సీడీలో కలిపేసి కొత్త సీడీ రాసుకునేవాళ్లం. స్లిప్‌స్ట్రీమ్ అనేవాళ్లు దాన్ని.

విస్టాతో పద్ధతి మారింది. అంతకుముందు సెటప్ ఒక్కో ఫైల్‌నూ కాపీ చేసి వ్యవస్థను పేర్చేది. విస్టా నుంచి మొత్తం విండోస్ ఒక ఇమేజ్‌గా, విమ్ ఫైల్‌లో వస్తోంది. సెటప్ దాన్ని డిస్క్ మీద పరిచేస్తుంది. ఆ విమ్‌ను మనం ఒక ఫోల్డర్‌లా తెరిచి, మార్చి, మూసేయవచ్చు. దీనికి కావలసిన డిజమ్ టూల్ విండోస్‌లోనే ఉంది. కాబట్టి ఇవాళ బయటి టూల్ అసలు లేకుండా కూడా పని అవుతుంది.

లాగ్‌చూడండి

ల్యాబ్‌సహాయకి గారూ, మీ మూడు ఇబ్బందులకూ మూడు వేర్వేరు చోట్ల మందు ఉంది. అన్నీ "ఐఎస్‌ఓలో మార్పు" అనే ఒకే పేరుతో కలిపేస్తే గందరగోళం అవుతుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు డిస్క్ సంగతి. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ల నుంచి చాలా మెషీన్లలో వీఎండీ అనే కంట్రోలర్ ఆన్‌లో వస్తోంది. ఎన్‌వీఎంఈ డిస్క్ దాని వెనక ఉంటుంది. ఆ డ్రైవర్ సెటప్‌కి తెలియకపోతే డిస్క్ ఉన్నట్టే కనిపించదు. బయోస్‌లో వీఎండీ ఆపేయడం ఒక దారి. కొత్తగా వేస్తున్నారు కాబట్టి దాంతో నష్టం లేదు. కానీ అది కూడా ప్రతి మెషీన్‌లో చేయాల్సిన పనే. డ్రైవర్‌ను ఇమేజ్‌లో పెట్టడమే నయం.

ఐఎస్‌ఓలోని ఫైళ్లన్నీ హార్డ్‌డిస్క్‌లో ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోండి. అందులో సోర్సెస్ అనే ఫోల్డర్‌లో బూట్.విమ్, ఇన్‌స్టాల్.విమ్ ఉంటాయి. బూట్.విమ్ అంటే పెన్‌డ్రైవ్ నుంచి లేచే చిన్న విండోస్, సెటప్ నడిచేది అందులోనే. ఇన్‌స్టాల్.విమ్ అంటే చివరికి డిస్క్ మీదకి వెళ్లే అసలు విండోస్. డిస్క్ డ్రైవర్ రెండిట్లోనూ ఉండాలి. మొదటిదాంట్లో లేకపోతే సెటప్‌కి డిస్క్ కనిపించదు. రెండోదాంట్లో లేకపోతే ఇన్‌స్టాల్ అయిన విండోస్‌కి తన డిస్క్ తనకే కనిపించదు.

బూట్.విమ్‌లో రెండు ఇండెక్స్‌లు, అంటే నంబరు వేసిన విడి ఇమేజ్‌లు, ఉంటాయి. 1వది ఉత్త విండోస్ పీఈ (ఇన్‌స్టాల్ పనులకు వాడే చిన్న విండోస్), 2వది సెటప్. మీకు కావలసింది 2వది. ఇన్‌స్టాల్.విమ్‌లో ఒక్కో ఎడిషన్‌కీ ఒక్కో ఇండెక్స్. డిజమ్‌తో గెట్-ఇమేజ్‌ఇన్ఫో ఇస్తే ఏ నంబరు ఏ ఎడిషనో చూపిస్తుంది.

డ్రైవర్ ఐఎన్ఎఫ్ ఫైళ్ల రూపంలో ఉండాలి. ఈఎక్స్ఈ ఇన్‌స్టాలర్‌ను డిజమ్ తీసుకోదు, దాన్ని విప్పి లోపలి ఫోల్డర్ ఇవ్వాలి. ఒక మెషీన్‌లో అన్ని డ్రైవర్లూ సరిగా పనిచేస్తూ ఉంటే ఇంకా సులువు. అక్కడ డిజమ్‌కి ఎక్స్‌పోర్ట్-డ్రైవర్ ఇస్తే బయటి నుంచి వచ్చిన డ్రైవర్లన్నిటినీ ఒక ఫోల్డర్‌లో పోసి ఇస్తుంది. అది ఇన్‌స్టాల్.విమ్‌కి వాడుకోవచ్చు. బూట్.విమ్‌లో మాత్రం డిస్క్ డ్రైవర్ చాలు. గ్రాఫిక్స్, సౌండ్ డ్రైవర్లతో దాన్ని బరువెక్కించకండి.

ఇక వరుస: ఇమేజ్‌ను ఖాళీ ఫోల్డర్‌లోకి మౌంట్ చేయడం (తెరవడం), యాడ్-డ్రైవర్‌కి రికర్స్ (లోపలి ఫోల్డర్లూ వెతకమని) జోడించి డ్రైవర్ల ఫోల్డర్ చూపించడం, చివర కమిట్‌తో, అంటే మార్పులు దాచి, అన్‌మౌంట్ చేయడం. అన్‌మౌంట్ చేసేటప్పుడు ఆ ఫోల్డర్ ఎక్స్‌ప్లోరర్‌లో తెరిచి ఉంటే మధ్యలో ఇరుక్కుంటుంది, అన్నీ మూసేయండి. ఒకవేళ ఇరుక్కుంటే క్లీనప్-మౌంట్‌పాయింట్స్ అనే ఆప్షన్ ఉంది.

ఇక ఎడిషన్. మీ మెషీన్లు హోమ్‌తో వచ్చి ఉంటాయి. తయారీదారు హోమ్ కీని ఫర్మ్‌వేర్‌లోనే (మదర్‌బోర్డులో ఉండే సాఫ్ట్‌వేర్‌లోనే) పెట్టేస్తారు. సెటప్ అది చూసి అడగకుండా హోమ్ ఎంచుకుంటుంది. సోర్సెస్ ఫోల్డర్‌లో ఈఐ.సీఎఫ్‌జీ అనే చిన్న టెక్స్ట్ ఫైల్ పెట్టి అందులో ఎడిషన్ పేరు ప్రొఫెషనల్ అని రాస్తే సరిపోతుంది. లేదంటే ఆన్సర్ ఫైల్‌లో (దాని సంగతి కింద చెబుతాను) ప్రో ఇన్‌స్టాల్ కీ ఇవ్వవచ్చు. ఆ కీ ఎడిషన్ ఎంపికకే పనికొస్తుంది, యాక్టివేషన్‌కి మీ సొంత కీ కావాలి.

మిగిలిన సెట్టింగుల కోసం ఇమేజ్‌ను ముట్టుకోనే అక్కర్లేదు. దానికి ఆన్సర్ ఫైల్ ఉంది. ఆటోఅన్‌అటెండ్.ఎక్స్ఎంఎల్ అనే పేరుతో పెన్‌డ్రైవ్‌లో పైనే, అంటే ఏ ఫోల్డర్‌లోనూ కాకుండా పెడితే సెటప్ దాన్ని తనంతట తాను వెతుక్కుని చదువుతుంది. సెటప్ అడిగే ప్రశ్నలకు జవాబులన్నీ అందులో ఉంటాయి: భాష, కీబోర్డు, టైమ్ జోన్, లోకల్ అకౌంట్. అకౌంట్ అందులోనే తయారైపోతుంది కాబట్టి నెట్ లేకపోయినా ఆగదు.

కొత్తపాఠం

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నా ఐఎస్‌ఓలో ఇన్‌స్టాల్.విమ్ లేదు, ఇన్‌స్టాల్.ఈఎస్‌డీ ఉంది. దాన్ని మౌంట్ చేయబోతే ఎర్రర్ వస్తోంది. ఇంకొకటి, పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేస్తే పెద్ద ఫైల్ ఎక్కడం లేదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ చేస్తే కొన్ని మెషీన్లు బూట్ అవ్వడం లేదు. ఏం చేయాలి?

లాగ్‌చూడండి

ఈఎస్‌డీ అంటే ఇంకా గట్టిగా కుదించిన రూపం. మీడియా క్రియేషన్ టూల్‌తో చేసిన పెన్‌డ్రైవ్‌లలో అదే ఉంటుంది. దాన్ని నేరుగా తెరిచి మార్చలేం. డిజమ్‌లో ఎక్స్‌పోర్ట్-ఇమేజ్‌తో మీకు కావలసిన ఇండెక్స్‌ను ఒక విమ్‌లోకి తీసుకోండి, కంప్రెస్ దగ్గర మ్యాక్స్ అని ఇవ్వండి. ఆ తర్వాత మామూలుగా మౌంట్ అవుతుంది.

యూఈఎఫ్‌ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన ఫర్మ్‌వేర్) ఉన్న మెషీన్లన్నీ తప్పకుండా చదివేది ఫ్యాట్32నే. కానీ అందులో ఒక్క ఫైల్ 4 జీబీ దాటకూడదు. మార్పులన్నీ అయ్యాక స్ప్లిట్-ఇమేజ్‌తో విమ్‌ను ముక్కలు చేయండి. ఇన్‌స్టాల్.ఎస్‌డబ్ల్యూఎం, ఇన్‌స్టాల్2.ఎస్‌డబ్ల్యూఎం అని వస్తాయి. వాటిని సోర్సెస్‌లో పెడితే సెటప్ తనే గుర్తిస్తుంది. ముక్కలు చేసినదాన్ని మళ్లీ మార్చలేం కాబట్టి అసలు విమ్‌ను హార్డ్‌డిస్క్‌లో ఉంచుకోండి. మౌంట్ చేసే ఫోల్డర్ మాత్రం ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌లోనే ఉండాలి.

తేలికకోరు

ఇంత కష్టపడి ఐఎస్‌ఓ తయారు చేస్తున్నప్పుడు డ్రైవర్లు కలిపి ఊరుకోవడం ఎందుకు? ఎడ్జ్, డిఫెండర్, విండోస్ అప్‌డేట్, వెబ్‌వ్యూ (యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపించే భాగం) అన్నీ ఇమేజ్‌లోంచే పీకేస్తే ర్యామ్ మిగులుతుంది, పాత మెషీన్లకు ప్రాణం వస్తుంది. నేను నా మెషీన్‌లో అలాగే వాడుతున్నాను, చాలా వేగంగా ఉంది. విండోస్ 11కి కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్ అంటారు. అంత అవసరం ఎందుకో నాకు అర్థం కాదు. విండోస్‌ను ఇలా తేలిక చేసే టైనీ11 స్క్రిప్ట్ చూడండి. అది అసలు ఐఎస్‌ఓ మీద మన మెషీన్‌లోనే నడుస్తుంది, స్క్రిప్ట్ మొత్తం చదువుకోవచ్చు కూడా. రెడీమేడ్ ఐఎస్‌ఓ మీద బూట్‌మెనూ గారు చెప్పిన భయం దీనికి లేదు.

బూట్‌మెనూ

స్క్రిప్ట్ చదివి, అసలు ఐఎస్‌ఓ మీద నడుపుకోవడం వేరే సంగతి, దాన్ని నేను కాదనను. ఏం జరుగుతోందో ప్రతి వరుసా కనిపిస్తుంది. నా అభ్యంతరం ఎవరో చేసిపెట్టిన ఫైల్ గురించే.

లాగ్‌చూడండి

తేలికకోరు గారూ, సొంత మెషీన్ మీ ఇష్టం. కానీ ల్యాబ్‌కి నేను ఆ సలహా ఇవ్వను. కారణం చెబుతాను.

యాప్‌లు తీసేయడంలో రెండు రకాలున్నాయి. ప్రొవిజన్డ్ యాప్‌లు అని ఒక జాబితా ఉంటుంది. కొత్త యూజర్ తయారైనప్పుడల్లా విండోస్ వాటిని ఆ యూజర్‌కి పెడుతుంది. మౌంట్ చేసిన ఇమేజ్‌లోంచి డిజమ్ ద్వారా వాటిని తీసేయవచ్చు. అది మైక్రోసాఫ్ట్ ఇచ్చిన దారే. గేమ్స్, వార్తలు, వాతావరణం అన్నీ ఈ జాబితాలోనే ఉంటాయి. ల్యాబ్‌సహాయకి గారికి కావలసింది ఇదే.

రెండో రకం, విండోస్ తన భాగాలను దాచుకునే విన్‌ఎస్ఎక్స్ఎస్ ఫోల్డర్‌లోని కాంపొనెంట్లను పీకేయడం. ప్రతి నెలా వచ్చే క్యుములేటివ్ అప్‌డేట్ ఆ కాంపొనెంట్లు అక్కడ ఉన్నాయనే లెక్కతో వస్తుంది. లేకపోతే సోర్స్ ఫైళ్లు దొరకలేదన్న ఎర్రర్‌తో మొత్తం అప్‌డేట్ వెనక్కి వెళ్లిపోతుంది. తీసేసిన ఆ ఒక్కటే కాదు, ఆ నెల భద్రతా సవరణలన్నీ ఆగిపోతాయి. వెబ్‌వ్యూ తీస్తే దాని మీద ఆధారపడిన యాప్‌లు ఖాళీ కిటికీలు చూపిస్తాయి. అవి ఏవో ఒక్క మెషీన్‌లో కూర్చుని కనిపెట్టవచ్చు, గదినిండా మెషీన్లుంటే కుదరదు. టైనీ11లో కూడా కోర్ అనే రకం వేరే ఉంది, దాన్ని రోజువారీ వాడకానికి కాదని తయారుచేసినవాళ్లే చెబుతారు.

తేలిక కావాలంటే ఇమేజ్ కోయకుండా చేయగలిగినవి చాలా ఉన్నాయి. మౌంట్ చేసిన ఇమేజ్‌లో యూజర్స్ కింద డిఫాల్ట్ ఫోల్డర్‌లో ఎన్‌టీయూజర్.డాట్ అనే ఫైల్ ఉంటుంది. దాన్ని రెగ్ లోడ్ అనే కమాండ్‌తో తెరిచి అందులో సెట్టింగులు మారిస్తే, తర్వాత తయారయ్యే ప్రతి కొత్త యూజర్‌కీ అవే వస్తాయి. ప్రకటనల సూచనలు, విడ్జెట్లు, టాస్క్‌బార్ సెర్చ్ పెట్టె, ఇలాంటివన్నీ అక్కడ సర్దవచ్చు. నాకు ఈ పద్ధతి చాలా నచ్చుతుంది, ఎందుకంటే ఒక్క ఫైల్‌ను కూడా తీసేయకుండా పని అయిపోతుంది. మార్చాక రెగ్ అన్‌లోడ్ తప్పకుండా చేయాలి, లేకపోతే ఇమేజ్ అన్‌మౌంట్ కాదు.

తేలికకోరు

డిఫాల్ట్ ఎన్‌టీయూజర్ సంగతి నాకు తెలియదు, మంచి దారే. కానీ అప్‌డేట్‌లు అక్కర్లేని మెషీన్లు కూడా ఉంటాయి కదా. నెట్‌కి కలపని, ఒకే ప్రోగ్రామ్ నడిపే మెషీన్‌కి ఇంత విండోస్ ఎందుకు?

పాతడిస్క్

అలాంటి పనికే ఎల్‌టీఎస్‌సీ ఎడిషన్ ఉంది. స్టోర్ యాప్‌లు అందులో మొదటి నుంచీ ఉండవు, కొత్త ఫీచర్లు మధ్యలో రావు, భద్రతా సవరణలు మాత్రం ఏళ్ల తరబడి వస్తాయి. లైసెన్సు వాల్యూమ్ పద్ధతిలో (సంస్థలకు టోకుగా అమ్మేది) కొనాలి, అదొక్కటే ఇబ్బంది. కోసిన ఇమేజ్ కంటే నేను దాన్నే నమ్ముతాను.

పెంగ్విన్‌దారి

ఈ థ్రెడ్‌ను లైనక్స్ వాళ్లు కూడా చదువుతారు కాబట్టి అటువైపు సంగతి చెబుతాను. ఇక్కడా రెండు దారులే: జవాబుల ఫైల్, ఇమేజ్ మార్పు.

డెబియన్‌లో జవాబుల ఫైల్‌ను ప్రీసీడ్ అంటారు. ఫెడోరా, రెడ్‌హ్యాట్ కుటుంబంలో కిక్‌స్టార్ట్. ఉబుంటు సర్వర్‌లో 20.04 నుంచి ఆటోఇన్‌స్టాల్ అనే కొత్త పద్ధతి వచ్చింది. 24.04 డెస్క్‌టాప్ ఇన్‌స్టాలర్ కూడా దాన్ని చదువుతుంది. వీటిని ఖాళీ పేజీ నుంచి రాయడం మొదలుపెట్టకండి. ఫెడోరాను ఒకసారి చేత్తో ఇన్‌స్టాల్ చేస్తే, మీరిచ్చిన జవాబులన్నీ రూట్ యూజర్ హోమ్ ఫోల్డర్‌లో అనకొండా-కేఎస్.సీఎఫ్‌జీ అనే ఫైల్‌గా మిగిలి ఉంటాయి. దాన్నే తీసుకుని దిద్దుకోవచ్చు. నా దృష్టిలో కిక్‌స్టార్ట్ నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి దారి లేదు.

ఇమేజ్‌నే మార్చాలంటే, ఉబుంటులో క్యూబిక్ అనే గ్రాఫికల్ టూల్ ఉంది. అది ఐఎస్‌ఓలోని స్క్వాష్‌ఎఫ్‌ఎస్‌ను (కుదించిన వ్యవస్థ ఇమేజ్‌ను) విప్పి, సీహెచ్‌రూట్‌తో మిమ్మల్ని దాని లోపలికి తీసుకెళ్తుంది. అక్కడ మామూలుగా ఏపీటీ అనే కమాండ్‌తో ప్యాకేజీలు పెట్టుకోవచ్చు, తీసేయవచ్చు. డెబియన్‌కి లైవ్-బిల్డ్ ఉంది. అందులో ఏ ప్యాకేజీలు కావాలో జాబితా రాస్తే మొత్తం ఐఎస్‌ఓను మొదటి నుంచి కడుతుంది. జాబితా టెక్స్ట్ ఫైల్ కాబట్టి మార్పుల చరిత్ర ఉంచే గిట్‌లో దాచుకోవచ్చు. నేను దీన్నే ఎక్కువ ఇష్టపడతాను. ఇక నిక్స్‌ఓఎస్‌లో అయితే మొత్తం వ్యవస్థే ఒక కాన్ఫిగరేషన్ ఫైల్‌లో ఉంటుంది. అక్కడ ఇన్‌స్టాల్‌కు ముందు మార్పు, తర్వాత మార్పు అన్న తేడాయే పెద్దగా లేదు.

డ్రైవర్ల గొడవ ఇక్కడ కొంత తగ్గింది. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి అధికారిక ఐఎస్‌ఓలోనే ఫర్మ్‌వేర్ ఫైళ్లు వస్తున్నాయి. అంతకుముందు వైఫై కార్డుకు ఫర్మ్‌వేర్ లేక నెట్ రాకపోవడం, నెట్ లేక ఫర్మ్‌వేర్ దించుకోలేకపోవడం మామూలే.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. ఒక మెషీన్‌ను సిద్ధం చేసి దాన్నే అన్నిటికీ క్లోన్ చేసేవాళ్లు ఈటీసీ ఫోల్డర్‌లోని మెషీన్-ఐడీ ఫైల్‌ను ఖాళీ చేయాలి, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) హోస్ట్ కీలు తీసేయాలి. లేకపోతే అన్ని మెషీన్లకూ ఒకే గుర్తింపు, ఒకే తాళం చెవి. హోస్ట్ కీలు తీసేశాక మొదటి బూట్‌లో కొత్తవి తయారయ్యేలా కూడా ఏర్పాటు చేయాలి, డెబియన్‌లో అవి వాటంతట అవి రావు.

కొత్తపాఠం

విండోస్‌లో కూడా అలా ఒక మెషీన్ సిద్ధం చేసి కాపీ చేయలేమా? మాకు ఆఫీసు ప్రోగ్రామ్, కంపైలర్లు లాంటివి కూడా కావాలి. డిజమ్‌తో అవి ఎక్కవు కదా.

బూట్‌మెనూ

చేయవచ్చు. ఇన్‌స్టాల్ అయ్యాక మొదటి ప్రశ్నల తెర వచ్చినప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే ఆడిట్ మోడ్‌లోకి వెళ్తుంది. అక్కడ ప్రోగ్రామ్‌లు పెట్టుకుని, సిస్‌ప్రెప్ అనే టూల్‌ను జనరలైజ్ (మెషీన్ గుర్తింపును తీసేసేది), ఓఓబీఈ (మొదటి ప్రశ్నల తెర మళ్లీ తెచ్చేది) ఆప్షన్లతో నడిపి షట్‌డౌన్ చేయాలి. తర్వాత పీఈతో బూట్ చేసి డిజమ్ క్యాప్చర్-ఇమేజ్‌తో డిస్క్‌ను విమ్‌గా తీసుకుంటే, అదే మీ కొత్త ఇన్‌స్టాల్.విమ్. జనరలైజ్ మానేస్తే పెంగ్విన్‌దారి గారు చెప్పిన ఒకే గుర్తింపు సమస్య ఇక్కడా వస్తుంది.

ఆడిట్ మోడ్‌లో నెట్ కేబుల్ పీకేసి ఉంచండి. స్టోర్ తనంతట తాను యాప్‌లను అప్‌డేట్ చేసిందంటే, ఫలానా ప్యాకేజీ ఒక యూజర్‌కే ఉంది, అందరికీ లేదు అంటూ సిస్‌ప్రెప్ ఆగిపోతుంది. డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉన్నా ఆగిపోతుంది.

ల్యాబ్‌సహాయకి

అందరికీ చాలా కృతజ్ఞతలు. లాగ్‌చూడండి గారు చెప్పినట్టు చేశాను. సెటప్‌లో డిస్క్ ఇప్పుడు నేరుగా కనిపిస్తోంది, ఈఐ.సీఎఫ్‌జీ వల్ల ప్రో కూడా వచ్చింది. కాపీ అంతా బాగానే పూర్తవుతోంది. కానీ మొదటి రీస్టార్ట్ తర్వాత నీలం తెర వస్తోంది, "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అని. పెన్‌డ్రైవ్ మార్చి చూశాం, ఇంకో మెషీన్‌లో కూడా అదే.

లాగ్‌చూడండి

సెటప్‌కి డిస్క్ కనిపించింది కాబట్టి బూట్.విమ్ సరిగ్గానే ఉంది. ఇన్‌స్టాల్.విమ్‌లో చూడాలి. ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడు ఇండెక్స్ ఎంత ఇచ్చారు? మౌంట్ చేసినప్పుడు ఎంత ఇచ్చారు? మామూలు ఐఎస్‌ఓల్లో 1వది హోమ్. ప్రో నేను చూసినవాటిలో 6వది, మీదాంట్లో వేరే ఉండవచ్చు. ఇంటర్నెట్‌లో దొరికే ఉదాహరణ కమాండ్లన్నిటిలోనూ ఇండెక్స్ 1 అనే ఉంటుంది. డ్రైవర్ హోమ్‌లోకి వెళ్లి, ఇన్‌స్టాల్ అవుతున్నది ప్రో అయితే సరిగ్గా ఇదే లక్షణం.

ప్రో ఇండెక్స్‌ను మౌంట్ చేసి గెట్-డ్రైవర్స్ ఇవ్వండి. వీఎండీ డ్రైవర్ ఐఎన్ఎఫ్ పేరు ఆ జాబితాలో ఉందా లేదా చూడండి.

ల్యాబ్‌సహాయకి

జాబితాలో లేదండి, ఉత్త జాబితా వచ్చింది. ప్రో ఇండెక్స్‌కి డ్రైవర్లు కలిపి మళ్లీ పెన్‌డ్రైవ్ చేశాం. ఇప్పుడు నేరుగా డెస్క్‌టాప్ దాకా వచ్చేసింది, డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు ఒక్కటి కూడా లేదు! అక్కర్లేని యాప్‌లు కూడా లేవు.

ఇక ఆన్సర్ ఫైల్ మిగిలింది. మాకు కొన్ని ప్రోగ్రామ్‌లు డాట్‌నెట్ 3.5 అనే విండోస్ భాగాన్ని అడుగుతాయి, అది నెట్ లేకుండా ఎక్కుతుందా? సెటప్‌కంప్లీట్ అనే స్క్రిప్ట్‌తో ఇన్‌స్టాల్ చివర ప్రోగ్రామ్‌లు నడిపించవచ్చని చదివాను. ఇంకా, డిస్క్‌ను తుడిచి పార్టిషన్లు చేసే భాగం కూడా ఫైల్‌లో పెట్టేస్తే మనిషి కూర్చోవక్కర్లేదు కదా?

లాగ్‌చూడండి

డాట్‌నెట్ 3.5 ఐఎస్‌ఓలోనే ఉంది. సోర్సెస్ కింద ఎస్ఎక్స్ఎస్ ఫోల్డర్ చూడండి. ఇమేజ్ మౌంట్ అయి ఉన్నప్పుడే ఎనేబుల్-ఫీచర్‌కి ఆ ఫోల్డర్‌ను సోర్స్‌గా ఇస్తే ఇన్‌స్టాల్ అయ్యేసరికి సిద్ధంగా ఉంటుంది.

సెటప్‌కంప్లీట్ మీద ఆధారపడకండి. ఓఈఎం కీ (తయారీదారు పెట్టే కీ) వాడే చోట ఎంటర్‌ప్రైజ్ తప్ప మిగతా ఎడిషన్లలో విండోస్ దాన్ని నడపదు. మీ మెషీన్ల ఫర్మ్‌వేర్‌లో ఓఈఎం కీ ఉంది కాబట్టి, ఒక చోట నడిచి ఒక చోట నడవని పరిస్థితి వద్దు. ఆన్సర్ ఫైల్‌లోనే ఫస్ట్‌లాగాన్‌కమాండ్స్ అనే భాగం ఉంది, అందులో పెట్టండి.

డిస్క్ తుడిచే భాగం గురించి మాత్రం ఆలోచించండి. అందులో డిస్క్‌ను నంబరుతో చెబుతాం, డిస్క్ 0 అని. రెండు డిస్కులున్న మెషీన్‌లో ఆ 0 ఏదో ముందుగా హామీ లేదు. పైగా ఆ పెన్‌డ్రైవ్ పెట్టి ఉండగా ఎవరైనా మెషీన్ ఆన్ చేస్తే, అడగకుండానే తుడిచేస్తుంది. ఆ భాగం రాయకపోతే సెటప్ అన్నీ తనే చేసుకుని ఆ ఒక్క పేజీ దగ్గర ఆగి మనిషిని అడుగుతుంది. నేనైతే ఎప్పుడూ అలాగే వదిలేస్తాను.

ఇంకో జాగ్రత్త. ఆన్సర్ ఫైల్‌లో పాస్‌వర్డ్ దాచినట్టు కనిపిస్తుంది కానీ అది బేస్64 అనే రాత పద్ధతి మాత్రమే. ఎవరైనా క్షణంలో విప్పుతారు. ఆ అకౌంట్‌కి తాత్కాలిక పాస్‌వర్డ్ పెట్టి, తర్వాత మార్చండి.

బూట్‌మెనూ

ఆన్సర్ ఫైల్‌ను ముందు వర్చువల్ మెషీన్‌లో చూడండి. వర్చువల్‌బాక్స్ 7 నుంచి విండోస్ 11 అడిగే భద్రతా చిప్ టీపీఎం 2.0 కూడా ఉంది కాబట్టి విండోస్ 11 సెటప్ అభ్యంతరం చెప్పదు. వీఎండీ డ్రైవర్‌ను అక్కడ పరీక్షించలేరు, అది అసలు మెషీన్‌లోనే తేలాలి.

మధ్యలో ఆగితే షిఫ్ట్, ఎఫ్10 నొక్కండి, కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది. విండోస్ ఫోల్డర్ కింద ప్యాంథర్‌లో సెటప్‌యాక్ట్, సెటప్‌ఎర్ర్ అనే లాగ్‌లు ఉంటాయి. డిస్క్ సిద్ధం కాకముందే ఆగితే అవి ఎక్స్ డ్రైవ్‌లో ఉంటాయి. ఎక్స్ఎంఎల్‌లో ఒక్క ట్యాగ్ తప్పినా ఏ పాస్‌లో (సెటప్ దశలో) ఆగిందో అందులో రాసి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ టూల్స్ కిట్ ఏడీకేతో వచ్చే సిస్టమ్ ఇమేజ్ మేనేజర్‌లో ఫైల్‌ను ముందే సరిచూసుకోవచ్చు కూడా.

ల్యాబ్‌సహాయకి

డిస్క్ భాగం తీసేశాను. బోధించేవారి మెషీన్‌లో పాఠాల ఫైళ్లు రెండో డిస్క్‌లో ఉన్నాయి, ఆ మాట చదివాక ఆ భాగం ఉంచాలనిపించలేదు. వర్చువల్ మెషీన్‌లో ఫైల్ మొత్తం సాఫీగా నడిచింది.

చివరగా ఒకటి. కొన్ని నెలల తర్వాత ఇంకో గదికి ఇదే చేయాలి. అప్పటికి అప్‌డేట్‌లు చాలా పేరుకుంటాయి. ఈ విమ్ మీదే కొత్త అప్‌డేట్ కలుపుతూ పోవచ్చా?

లాగ్‌చూడండి

కలపవచ్చు, కానీ నేను ప్రతిసారీ ముట్టుకోని అసలు ఐఎస్‌ఓ నుంచి మొదలుపెడతాను. అందుకే మీరు కొట్టిన కమాండ్లన్నీ ఒక పవర్‌షెల్ ఫైల్‌లో వరుసగా పెట్టుకోండి. అప్పటికి వచ్చే కొత్త ఐఎస్‌ఓ మీద అదే నడిపితే చాలు, అప్‌డేట్‌లు చాలావరకు అందులోనే ఉంటాయి.

అయినా అప్‌డేట్ విడిగా కలపాల్సి వస్తే, విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి చెక్‌పాయింట్ అప్‌డేట్‌లు అని మొదలయ్యాయి. తాజా అప్‌డేట్ ఒక్కటే ఇస్తే సరిపోకపోవచ్చు, దాని కింద ఉన్న చెక్‌పాయింట్ కూడా కావాలి. రెండు ఎంఎస్‌యూ (అప్‌డేట్) ఫైళ్లనూ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, తాజాదాన్ని యాడ్-ప్యాకేజీకి ఇవ్వండి. కిందిది డిజమ్ తనే తీసుకుంటుంది. ఆ ఫోల్డర్‌లో వేరే ఎంఎస్‌యూలు ఉంచకండి. భాషా ప్యాక్ కలిపేది ఉంటే అప్‌డేట్ కంటే ముందు కలపండి. తర్వాత కలిపితే అప్‌డేట్ మళ్లీ వేయాలి.

చివర్లో స్టార్ట్‌కాంపొనెంట్‌క్లీనప్ నడిపితే పాత ఫైళ్లు పోయి ఇమేజ్ చిన్నదవుతుంది. రీసెట్‌బేస్ కూడా జోడిస్తే ఇంకా తగ్గుతుంది కానీ, కలిపిన అప్‌డేట్‌లను ఆ మెషీన్లలో వెనక్కి తీసుకోలేరు. ఆ తర్వాత ఎక్స్‌పోర్ట్ చేస్తేనే ఫైల్ సైజు నిజంగా తగ్గుతుంది, ఉత్త కమిట్‌తో తగ్గదు.

ల్యాబ్‌సహాయకి

అర్థమైంది. కమాండ్లన్నీ స్క్రిప్ట్‌లో పెట్టాను, ఇండెక్స్‌ను నంబరుతో కాకుండా ఎడిషన్ పేరుతో వెతికి తీసుకునేలా రాశాను. డ్రైవర్ల ఫోల్డర్‌కి మోడల్, డ్రైవర్ వెర్షన్ రెండూ పేరులో ఉండేలా మార్చాను. రేపు మొదటి వరుస మెషీన్లు మొదలుపెడుతున్నాం. స్క్రిప్ట్ ఎవరికైనా కావాలంటే అడగండి, ఇక్కడే పెడతాను.

కొత్తపాఠం

నాకు కావాలండి. ముఖ్యంగా ఎడిషన్ పేరుతో ఇండెక్స్ వెతికే భాగం.